వంకర లేబుల్

లేబుల్ వంకరగా అంటించమని జీతమిచ్చి మరీ అడిగే కంపెనీ ఈ భూమ్మీద మాదొక్కటే అయ్యుంటుంది. ఆ మాట విన్న రోజు నాకు ఒళ్లు మండిపోయింది.

నేను డిస్టిలరీలో సీసాల హాలులో పనిచేస్తాను. పీపాల్లో పన్నెండేళ్లు, పద్దెనిమిదేళ్లు హాయిగా నిద్రపోయిన స్కాచ్ విస్కీ మా హాలుకొచ్చి సీసాల్లోకి దిగుతుంది. మూతలు బిగించాక ఆ సీసాలు బెల్టు మీద నా మిషను ముందుకొస్తాయి. లేబుల్ అంటించేది నా మిషనే. వెంట్రుకవాసి తేడా వచ్చినా బెల్టు ఆపేస్తాను. అందుకని హాల్లో నా వెనకాల బ్రేకులమ్మ అంటారు. అననీ, నాకేం? నేను రూళ్లకర్ర కూతుర్ని.

రూళ్లకర్ర అంటే మా అమ్మ. మిషన్లు రాకముందు లేబుళ్లు చేత్తోనే అంటించేవారు. పొడుగాటి బల్ల, దాని వెంట ఇరవైమంది ఆడవాళ్లు, ఒక్కొక్కరి ముందూ ఒక జిగురు గిన్నె, ఒక కుంచె, ఒక గుడ్డముక్క. మా అమ్మ అంటించిన లేబుల్ పక్కన రూళ్లకర్ర పెడితే గీతకి గీత సరిపోయేదట. మేస్త్రీయే ఆ పేరు పెట్టాడట.

అదే బల్ల దగ్గర మా అమ్మ పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడకి ఇంకో పేరుంది. వంకరమ్మ. ఆవిడ మా అత్తయ్య. లేబుళ్లు వంకరగా అంటిస్తోందని ఆవిడని బల్ల దగ్గర్నుంచి లేపేసి సీసాలు కడిగే చోట వేశారు. అక్కడే పద్నాలుగేళ్లు, చాకలి సోడా కలిపిన వేణ్ణీళ్లలో చేతులు ముంచి బతికింది. "మా వంశంలో వంకర పోవాలని రూళ్లకర్ర కూతుర్ని కోడలిగా తెచ్చుకున్నాను" అని అత్తయ్యే నలుగురిలో చెప్పి నవ్వేది. నేనూ తక్కువ తిన్నానా! గోడ మీద పటం కాస్త పక్కకి ఒరిగితే చాలు, "మీరే పెట్టారా అత్తయ్యా?" అనేదాన్ని. ఇరవై ఏళ్లుగా ఇదే మా ఇంటి సరదా.

ఈ ఏడాది డిస్టిలరీకి నూట యాభై ఏళ్లు నిండుతున్నాయి. ఆ గుర్తుగా పాత సీసాలకి అచ్చం నకలు తీసి, ఐదు సీసాల సెట్టు ఒకటి అమ్ముతున్నారు. తాగడానికి కాదట, దాచుకోవడానికట. అద్దాల బీరువాలో పెట్టుకుని చూసి మురిసిపోతారట. పాత సీసాలన్నీ వెతికి పోగుచేయడానికి కంపెనీ ఒకాయన్ని పెట్టుకుంది. మేమంతా ఆయన్ని పాతసీసాలాయన అంటాం. వీధిలో పాత సీసాలు కొనేవాడు అనుకునేరు! కోటు వేసుకుంటారు, సీసా ముట్టుకోవాలంటే చేతులకి తెల్ల తొడుగులు తొడుక్కుంటారు.

ఆయన ఒక మధ్యాహ్నం నా మిషను దగ్గరికొచ్చి, పెట్టెలోంచి మూత తీయని పాత సీసా ఒకటి పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి బల్ల మీద పెట్టారు.

"సెట్టులో మూడోది ఇదండీ. దీన్ని అచ్చు గుద్దినట్టు దింపాలి."

చూశాను. లేబుల్ కుడివైపు ఒక బియ్యపుగింజంత కిందికి జారి ఉంది.

"ఇది వంకరగా ఉంది కదండీ?"

"అదే కదండీ దాని గొప్ప!"

"వంకరలో గొప్పేంటండీ? నేను చచ్చినా అంటించను."

ఆయన నవ్వి, ఓపిగ్గా చెప్పుకొచ్చారు. ముప్పై ఏడేళ్ల కిందట ఒక్క ఎనిమిది నెలలపాటు కొన్ని సీసాల మీద లేబుళ్లు ఇలా వచ్చాయట. ముందూ లేవు, తర్వాతా లేవు. అందుకని వాటికోసం సీసాలు పోగుచేసేవాళ్లు కొట్టుకు చస్తున్నారట. "ఎవరు అంటించారో, ఎందుకలా అంటించారో తెలీదండీ. సెట్టుతోపాటు ఇచ్చే పుస్తకంలో 'ఎవరో తెలియని చేయి' అని రాస్తున్నాం" అన్నారు.

నేను సీసాని వెనక్కి తిప్పి వెలుతురుకి ఎదురుగా పెట్టాను. ఆ రోజుల్లో అంటించే ముందు ప్రతి లేబుల్ వెనకా పెన్సిల్‌తో తమ నంబరు వేసేవారు. తప్పొస్తే మేస్త్రీ సీసా తిప్పి, విస్కీలోంచి చూసి, ఎవరిదో పట్టుకునేవాడు. మా అమ్మది తొమ్మిది. ఇక్కడ కనపడింది పదిహేడు. విస్కీ భూతద్దంలా ఆ అంకెని ఇంత చేసి చూపించింది.

"ఎవరో తెలియకపోవడమేంటండీ! ఈవిడ మా అత్తయ్య!" అనేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు.

"బతికే ఉన్నారా?" అన్నారాయన, ఒక అడుగు ముందుకేసి.

"భలేవారే! పొద్దున్నే నాతో పోట్లాడి మరీ పంపించారు."

అంతే, ఆయన కాలు నిలవలేదు. పుస్తకంలో అత్తయ్య పేరు ఇంటిపేరుతో సహా వేస్తామన్నారు. రెండు వారాల్లో సెట్టు విడుదల చేసే రోజున, పెద్దవాళ్లందరి ముందూ, మొదటి సీసాకి లేబుల్ ఆవిడ చేత్తోనే అంటింపజేస్తామన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. ఏ వంకరకైతే ఆవిడని బల్ల దగ్గర్నుంచి లేపేశారో, ఆ వంకరకే ఇప్పుడు సన్మానం. దేవుడు ఆలస్యంగానైనా లెక్క సరిచేశాడనుకున్నాను.

ఇంటికొచ్చి, రోజూలాగే అత్తయ్య చేతులకి మందు రాస్తూ విషయం చెప్పాను. సోడా నీళ్లకి పగిలిన ఆ అరచేతులు ఇప్పటికీ పూర్తిగా మానవు. ఆరేళ్ల కిందట మా అమ్మ పోయేముందు నాతో అన్న చివరి మాట కూడా "మీ అత్తయ్య చేతులు జాగ్రత్తగా చూసుకోవే" అనే. ఆ మాట మీద గౌరవంతోనే రోజూ రాస్తాను. రాస్తూ తిడతాను, అది వేరే సంగతి.

నేను ఎగిరి గంతేస్తుందనుకున్న మనిషి, "ఏ ఏడాది సీసా అది?" అని మాత్రం అడిగింది. చెప్పాను. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నేను రాను."

"అదేంటి?"

"రానంటే రాను. నా పేరూ వెయ్యొద్దు, ఊరూ వెయ్యొద్దు. నిన్నెవరు చెప్పమన్నారు అసలు?"

మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. మధ్యలో మా ఆయన అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. ముప్పై ఏడేళ్ల అవమానం ఒక్క రోజులో పోతుందా, సిగ్గుపడుతోంది కాబోలు అని సరిపెట్టుకున్నాను. నాలుగోరోజు అత్తయ్యే నా దగ్గరికొచ్చింది.

"నేను రాకపోతే ఆయనేం చేస్తాడే?"

"పాత రిజిస్టర్లు తిరగేస్తారట. అప్పుడు బల్ల దగ్గర పనిచేసినవాళ్లని ఒక్కొక్కరినీ అడుగుతారట."

"సరే, వస్తాను. వాళ్లనీ వీళ్లనీ కదపొద్దని చెప్పు. ఖాళీ సీసాలు, లేబుళ్లు కొన్ని పట్రా. చెయ్యి అలవాటు తప్పింది" అంది.

ఆదివారం పొద్దున్న వంటింటి బల్ల ఖాళీ చేసి డజను సీసాలు పెట్టాను. జిగురు కలిపాను. అత్తయ్యకి చేతులు వణుకుతాయి, గ్లాసుతో నీళ్లిస్తే సగం ఒలికిపోతాయి. కానీ ఆ వణుకంతా సీసాని ముట్టుకునేదాకే. చేతికి గాజు తగలగానే వేళ్లు కుదురుకున్నాయి. లేబుల్ ఆనించి, గుడ్డతో మధ్యలోంచి ఒకసారి అటూ ఒకసారి ఇటూ తుడిచింది. అయిపోయింది.

నిటారుగా ఉంది.

"అత్తయ్యా, వంకర రావాలి" అన్నాను.

"వస్తుందిలే, ఉండు."

రెండోదీ నిటారుగానే వచ్చింది. మూడోదీ అంతే.

"కుడిపక్క కొంచెం దించండి."

"దించానే."

"ఏం దించారు? అంగుళం బద్ద పెట్టి కొలిచినా సున్నా!"

"నువ్వు నెత్తి మీద కూర్చుంటే ఎలా వస్తుంది? అవతలికి పో!"

అవతలికి పోయాను. టీ పెట్టుకుని వచ్చేసరికి కిటికీ పక్కన పదకొండు సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటైనా ఒరగలేదు. పద్దెనిమిదేళ్లుగా మిషను మీద కూడా నేను అంత నేరుగా అంటించిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నన్నెందుకు తిట్టారు?" అని నవ్వబోయాను. ఆ సీసాల వరస మళ్లీ చూశాను.

ఆ చేతికి వంకరగా అంటించడం రాదు. డెబ్బై ఆరేళ్ల వయసులో, కావాలని ప్రయత్నించినా రావడం లేదు. పాతసీసాలాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. ముందూ లేవు, తర్వాతా లేవు, ఆ ఎనిమిది నెలలే.

"అత్తయ్యా, పదిహేడు ఎవరిది?"

"నాదే."

"నంబరు మీదే. లేబుల్ ఎవరిది?"

అత్తయ్య వేళ్లకంటిన జిగురు గుడ్డకి తుడుచుకుంటూ కూర్చుంది. ఒక్కో వేలూ తుడిచింది. తుడవడానికి ఇంకేమీ మిగలనప్పుడు తలెత్తింది.

"మీ అమ్మది" అంది.

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"దాని రెండు కళ్లలోనూ పొర కమ్మిందే అమ్మా. మసకమసకగా కనపడేది. ఆసుపత్రిలో ఆపరేషన్‌కి వరస రావాలంటే ఎనిమిది నెలలన్నారు. అప్పటికే మేస్త్రీ రెండుసార్లు హెచ్చరించాడు. మూడోసారి వంకరొస్తే ఇంటికే. మీ నాన్న పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నువ్వేమో ఇంత ఉన్నావు, ముక్కు తుడుచుకోవడం కూడా సరిగ్గా రాదు. మాకంటే మీ మావయ్య సంపాదన ఉంది. నన్ను తీసేసినా పస్తులుండం. పొద్దున్నే లేబుళ్ల కట్టలకి నంబర్లేసుకుంటాం కదా? దాని కట్టకి నా నంబరేశాను, నా కట్టకి దాని నంబరేశాను. అంతే."

"అమ్మ ఒప్పుకుందా?"

"మొదట్లో దానికి తెలిస్తే కదా! 'నీకు కనపడదు వదినా, నంబర్లు నేనే వేసిస్తాలే' అన్నాను. మేస్త్రీ దాన్ని మెచ్చుకుని నన్ను తిట్టేసరికి దానికి అర్థమైంది. ఏడ్చింది. ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు నీకు జ్వరమొచ్చింది, మాట్లాడక చస్తుందా? నిన్ను నా ఒళ్లో పడేసి మందు తేవడానికి పరిగెత్తింది."

ఎనిమిదో నెలలో అత్తయ్యని సీసాలు కడిగే చోటికి పంపారు. ఆ వారమే మా అమ్మకి ఆపరేషనైంది. కళ్లజోడు పెట్టుకుని వచ్చి మేస్త్రీకి నిజం చెప్పేస్తానంటే, ఇద్దరి ఉద్యోగాలూ పోతాయని అత్తయ్యే ఒట్టు వేయించుకుంది.

"అప్పటికే దానికి రూళ్లకర్ర అని పేరొచ్చేసింది. ఆ పేరు నాదని దానికి తెలుసు. అందుకని రోజూ అరగంట ముందే వచ్చి ఖాళీ సీసాల మీద అంటించి పీకి, అంటించి పీకి నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి నిజంగానే రూళ్లకర్ర అయింది. దాన్నేమీ అనకు. మొండిది, నీలాగే."

ఇరవై ఏళ్లుగా ఎవరిని వంకరమ్మ అని ఏడిపించానో ఆవిడ మడతపెట్టే దుప్పట్ల అంచులు ఎంత తిన్నగా ఉంటాయో ఆ క్షణంలో గుర్తొచ్చింది. రోజూ చూస్తూనే ఉన్నాను. అమ్మ చివరి మాట గుర్తొచ్చింది. చేతులు చూసుకోమన్నది మందు రాయమని మాత్రమే కాదు. ఆ పగుళ్లు నా స్కూలు ఫీజు, నా అన్నం, నా ఉద్యోగం. అత్తయ్య రెండు చేతులూ తీసుకుని నా మొహానికి ఆనించుకుని భోరుమన్నాను.

"ఛీ ఛీ, జిగురే! మొహానికంతా జిగురే!" అంది అత్తయ్య. కానీ చేతులు తీయలేదు.

ఏడుపు ఆగాక నాకు కోపమొచ్చింది. ఇది నా జబ్బు.

"రేపు ఆయనకి అంతా చెప్పేస్తాను."

"నోరు ముయ్యి! చచ్చిపోయినదాని పరువు తీస్తావా? దాని పేరు అలాగే ఉండనీ. ఆ రోజు ఏదో ఒకలా వంచి అంటిస్తాలే."

"పదకొండు అంటించారు కదా, ఏదీ, ఒక్కటి వంగిందా? ఇంకో వంద అంటించినా వంగవు మీరు. పరువంటారా? ఇవాళ మనుషులు కొట్టుకు చస్తున్నది మా అమ్మ వంకర కోసం, మీ నిటారు కోసం కాదు. కళ్లు కనపడకుండా, భయంతో, నాకోసం అంటించిన లేబుళ్లవి. మా అమ్మది మా అమ్మకిచ్చెయ్యండి అత్తయ్యా. మీది మీరు తీసుకోండి. నేను వంకరమ్మ కూతుర్నైతే నాకేం తక్కువ?"

అత్తయ్య నా మొహం మీది జిగురు తుడిచింది. "తక్కువేం లేదు, నోరే ఎక్కువ" అంది. అది ఒప్పుకోవడమేనని నాకు తెలుసు.

పాతసీసాలాయన మొత్తం విన్నారు. లోపలికెళ్లి అదే ఏడాది సీసా ఇంకొకటి తెచ్చారు, నిటారు లేబుల్‌ది. వెనక్కి తిప్పి చూశాం. తొమ్మిది. అత్తయ్య అంటించినది, అమ్మ నంబరుతో. ఆయన తెల్ల తొడుగులు తీసేసి ఆ సీసాని ఉత్త చేత్తో ఒకసారి నిమిరి, "పుస్తకం మళ్లీ రాయాలండీ" అన్నారు.

ఆ రోజు హాలు నిండిపోయింది. పాత బల్ల మనుషుల్లో మిగిలిన నలుగురు ముసలమ్మలూ ముందు వరసలో కూర్చున్నారు. మేస్త్రీ పోయి చాలా కాలమైంది, బతికిపోయాడు, లేకపోతే నా చేతిలో అయ్యేవాడు. పాతసీసాలాయన రెండు పేర్లూ ఇంటిపేర్లతో సహా చదివారు. వంకర లేబుల్ ఎవరిదో, ఎందుకు వంకరైందో, ఆ తప్పు ఎవరు మోశారో చదివారు. ముసలమ్మల్లో ఒకావిడ లేచి, "ఓసి రూళ్లకర్రా! ఇన్నేళ్లూ మాకైనా చెప్పలేదే!" అని అత్తయ్యని కేకేసింది. అత్తయ్య కొంగుతో మొహం కప్పుకుంది.

మొదటి సీసా తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. అత్తయ్య లేబుల్ తీసుకుని, వెనక్కి తిప్పి, పెన్సిల్ అడిగింది. మూలన తొమ్మిది అని వేసింది. ముప్పై ఏడేళ్ల తర్వాత మా అమ్మ నంబరు మా అమ్మ లేబుల్ మీదికొచ్చింది. కుంచెతో జిగురు రాసి, ఆ లేబుల్ నా చేతిలో పెట్టింది.

"నేనా?"

"నావల్ల కాదని చూశావు కదా. దాని వంకర దాని కూతురి దగ్గరే ఉంటుంది. కానియ్యి, జిగురు ఆరిపోతోంది."

పద్దెనిమిదేళ్లుగా నిటారు తప్ప ఎరగని చేతులు నావి. సీసా దగ్గరికి తెచ్చాను. అప్పటికే కళ్లలో నీళ్లు నిండి లేబుల్ అంచు కనపడలేదు. గాజెక్కడో, కాగితమెక్కడో మసకమసకగా ఉంది. అమ్మకి ఎనిమిది నెలలూ ఇలాగే కనపడి ఉంటుంది. చేత్తో తడుముకుని, అక్కడే అనుకుని, ఆనించాను. అత్తయ్య గుడ్డతో అటూ ఇటూ తుడిచింది.

కళ్లు తుడుచుకుని చూశాను. కుడివైపు బియ్యపుగింజంత జారింది.

"బ్రేకులమ్మా, బెల్టు ఆపవేంటి?" అని మా హాలు వాళ్లెవరో అరిచారు. అందరూ నవ్వారు.

అత్తయ్య కళ్లజోడు సర్దుకుని, సీసాని వెనక్కి తిప్పి, వెలుతురుకి ఎత్తి, విస్కీలోంచి ఆ తొమ్మిదిని చాలాసేపు చూసింది. మళ్లీ ముందుకి తిప్పి లేబుల్ చూసింది. నా వైపు చూసింది.

"అచ్చం మీ అమ్మే" అంది.